వారానికి పది జీకే ప్రశ్నలు: ఫోను ముట్టకుండా జవాబు రాబట్టే పద్ధతి

గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్ల జీకే ఒక రకం, ఆదివారం పొద్దున టిఫిన్ అయ్యాక ఇంట్లో నలుగురూ కూర్చుని ఆడుకునే జీకే ఇంకో రకం. తిరుపతిలో ఏ కోచింగ్ సెంటర్ మెట్ల మీద నిలబడినా మొదటి రకమే వినపడుతుంది: బిట్లు, ఆప్షన్లు, కీ, కటాఫ్. అక్కడ బట్టీ పట్టక తప్పదు. సరదా ఆటలో బట్టీకి పెద్ద పని లేదు. తెలిసిన నాలుగు ముక్కలు కలిపి తెలియని ఐదో ముక్కను రాబట్టడంలోనే అసలు మజా ఉంది. చాలామంది "నాకు జీకే రాదబ్బా" అని ముందే చేతులెత్తేస్తారు. నిజానికి వాళ్లకు విషయాలు తెలుసు, ప్రశ్నను సరిగ్గా చదవడమే అలవాటు కాలేదు. ఈ మార్గదర్శిలో సగం ఆ చదవడం గురించే.

మొదటి అడుగు: ఆట ఏర్పాటు

కావలసినవి తక్కువే. 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి, మనిషికో పెన్ను, పది ప్రశ్నలు, గోడ గడియారం. ప్రశ్నలు పత్రికల ఆదివారం అనుబంధాల్లో, పిల్లల పేజీల్లో దొరుకుతాయి. ఇంకా మంచిది, వారానికొకరు వంతు వేసుకుని తయారు చేయడం. జట్టులో నలుగురి నుంచి ఆరుగురి దాకా ఉంటే బాగుంటుంది. పదిమంది చేరితే ఆట తక్కువ, కబుర్లు ఎక్కువ అవుతాయి.

సమయం 25 నిమిషాలు. ప్రశ్నకు రెండు నిమిషాల లెక్కన 20, వదిలేసినవాటిని మళ్లీ చూసుకోవడానికి 5. ఫోన్లన్నీ పక్క గదిలో పెట్టాలి. బోర్లా పెట్టి పక్కనే ఉంచుకుంటే చాలదా అని అడుగుతారు. చాలదు. జవాబు నాలుక మీదే ఉండి బయటికి రాని ఆ అర నిమిషంలోనే చెయ్యి ఫోను మీదికి పోతుంది. ఆ అర నిమిషం ఓర్చుకుంటే సగంసార్లు జవాబు దానంతటదే బయటపడుతుంది. కష్టపడి గుర్తు తెచ్చుకున్నది వెతికి చూసుకున్నదానికంటే గట్టిగా నిలుస్తుంది కూడా.

కాగితం మీద ప్రతి ప్రశ్నకూ మూడు గళ్లు గీసుకోండి: జవాబు, నమ్మకం, ఎందుకు. రెండో గడి సంగతి మార్కుల దగ్గర చెప్పుకుందాం. మూడో గడిలో రెండు మూడు మాటలు చాలు: "1956 కాదు", "కుంచె కాదు, కలం", "రష్యా అనుకుంటా". అవి లేకపోతే తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత ఎవరికీ గుర్తుండదు.

రెండో అడుగు: ప్రశ్నను కోసి చూడటం

ప్రశ్న వినగానే జవాబు రాయొద్దు. ముందు అందులోని బరువైన మాటల కింద గీత గీయండి. "తొలి", "ప్రస్తుత", "స్వతంత్ర", "అతిపెద్ద", "మంచినీటి", "అనువదించిన" వంటివన్నీ బరువైన మాటలే. తిరకాసు ఎప్పుడూ వాటిలోనే దాక్కుని ఉంటుంది.

"ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి ఎవరు?" అన్న పాత ప్రశ్ననే తీసుకోండి. ఎన్నిసార్లు విన్నా సగంమంది నీలం సంజీవరెడ్డి అంటారు. ఆయన 1956 నవంబరు 1న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్‌కు తొలి ముఖ్యమంత్రి. ప్రశ్నలో ఉన్నది ఆంధ్ర రాష్ట్రం. అది 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఏర్పడింది, దానికి తొలి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం. "ప్రదేశ్" అన్న ముక్క ఉందా లేదా అన్నదాంట్లోనే జవాబు మారిపోతుంది. అదే ప్రశ్నను "2014 విభజన తర్వాత" అని మొదలుపెడితే మూడో పేరు రాయాలి.

మదనపల్లె మీద వచ్చే ప్రశ్న ఇంకా గడుసుది. "జనగణమన ఎక్కడ?" అనేదాకా విని మన సీమవాళ్లు ఉత్సాహంగా మదనపల్లె అని రాసేస్తారు. ఆ గీతానికి మూడు తేదీలున్నాయి. మొదటిసారి పాడింది 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెస్ సభలో. టాగూరు దాన్ని ఇంగ్లీషులోకి అనువదించింది 1919లో, మదనపల్లె బీసెంట్ థియోసాఫికల్ కళాశాలకు వచ్చినప్పుడు. అక్కడే మార్గరెట్ కజిన్స్ దానికి స్వరలిపి రాశారు. జాతీయ గీతంగా స్వీకరించింది 1950 జనవరి 24న. కాబట్టి ప్రశ్నలో "రాసిన", "పాడిన", "అనువదించిన", "స్వీకరించిన" అన్న నాలుగింటిలో ఏముందో వినకుండా పెన్ను కదపకూడదు.

సొంత ఊరి మీద ప్రేమ ఇంకో చోట కూడా దెబ్బ కొడుతుంది. "భారత తొలి ఉపగ్రహం ఆర్యభట ఎక్కడినుంచి ఎగిరింది?" అంటే శ్రీహరికోట అని అలవాటుగా వచ్చేస్తుంది. ఆర్యభటను 1975 ఏప్రిల్ 19న సోవియట్ యూనియన్‌లోని కపూస్టిన్ యార్ నుంచి ప్రయోగించారు. శ్రీహరికోట నుంచి మన సొంత రాకెట్ ఎస్‌ఎల్‌వీ-3 మొదటిసారి విజయవంతంగా ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది 1980 జులై 18న, ఆ ఉపగ్రహం పేరు రోహిణి. "భారత తొలి ఉపగ్రహం", "భారత రాకెట్ కక్ష్యలో పెట్టిన తొలి ఉపగ్రహం" రెండూ ఒకటి కావు.

"అతిపెద్ద" అని కనిపిస్తే వెంటనే "దేంట్లో?" అని అడగండి. ప్రపంచంలో అతిపెద్ద ఎడారి అంటే సహారా అని రాస్తే తప్పు. వాన, మంచు కొలతతో చూస్తే అంటార్కిటికానే అతిపెద్ద ఎడారి. సహారా అతిపెద్ద వేడి ఎడారి. శరీరంలో అతిపెద్ద అవయవం చర్మం, లోపలి అవయవాల్లో కాలేయం. ఆంధ్రప్రదేశ్‌లో మంచినీటి సరస్సుల్లో పెద్దది కొల్లేరు. పులికాట్ ఉప్పునీటి సరస్సు, ఒడిశాలోని చిలికా తర్వాత దేశంలో రెండోది. ప్రశ్న వేసినవాళ్లు విశేషణం మరిచిపోతే ఆపి అడిగే హక్కు ఆడేవాళ్లకు ఉండాలి.

"ప్రస్తుత" అన్న మాట ఉన్నా లేకపోయినా కొన్ని ప్రశ్నలకు గడువు ఉంటుంది. శ్రీహరికోట ఏ జిల్లాలో ఉందంటే పాత బిట్ బ్యాంకుల్లో నెల్లూరు అని ఉంటుంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడ్డాక సూళ్లూరుపేటతోపాటు అదీ ఇటు వచ్చింది. అప్పుడే మదనపల్లె చిత్తూరు జిల్లా నుంచి విడిపోయింది. తిరుత్తణిదీ ఇదే కథ, కాకపోతే పాతది. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888 సెప్టెంబరు 5న పుట్టిన ఆ ఊరు ఒకప్పుడు చిత్తూరు జిల్లాలోనే ఉండేది, 1960 ఏప్రిల్ 1న సరిహద్దులు మార్చినప్పుడు మద్రాసు రాష్ట్రంలో కలిసింది. జిల్లా, రాజధాని, జనాభా, పదవి, రికార్డు మీద వచ్చే ప్రతి ప్రశ్నకూ "ఏ నాటికి?" అని పక్కన రాసుకోండి. జనాభాలో చైనాను భారత్ దాటిందని ఐక్యరాజ్యసమితి అంచనా వేసింది 2023లో. అంతకుముందు అచ్చయిన పుస్తకంలో జవాబు చైనానే, అది ఆ పుస్తకం తప్పు కాదు.

మూడో అడుగు: కాలం గీత మీద పెట్టడం

జవాబు తట్టనప్పుడు "ఎవరు?" అని బుర్ర బద్దలు కొట్టుకోకుండా "ఎప్పుడు?" అని మొదలుపెట్టండి. కాలం తేలిందంటే సగం పేర్లు వాటంతటవే రాలిపోతాయి.

ఉదాహరణ: "అన్నమాచార్యుడిని ఆదరించిన విజయనగర రాజు ఎవరు?" నోటికి వచ్చే పేరు శ్రీకృష్ణదేవరాయలు. తిరుమల, విజయనగరం అనగానే ఆయన విగ్రహమే కళ్ల ముందు నిలుస్తుంది. ఇప్పుడు గీత గీయండి. అన్నమయ్య 1408 నుంచి 1503 దాకా జీవించాడు. కృష్ణదేవరాయలు గద్దెనెక్కింది 1509లో. ఆరేళ్ల తేడా వచ్చేసింది, ఆ పేరు కొట్టేయాల్సిందే. అన్నమయ్య పెద్దవాడైన రోజుల్లో చంద్రగిరి ప్రాంతాన్ని ఏలి, తర్వాత విజయనగర సింహాసనం ఎక్కిన సాళువ నరసింహరాయలే జవాబు. ఇందులో సాళువ నరసింహుడి పేరు తెలియకపోయినా, కృష్ణదేవరాయలు కాదని తేల్చగలిగితే నాలుగు ఆప్షన్లలో ఒకటి పోయినట్టే.

ఇందుకోసం పెద్ద పట్టిక కంఠస్థం చేయనక్కర్లేదు. గోడకు మేకులు కొట్టుకున్నట్టు డజను సంవత్సరాలు గట్టిగా పట్టుకుంటే చాలు, మిగతావి వాటికి తగిలించుకోవచ్చు. తిరుపతి, చిత్తూరువాళ్లకు పనికొచ్చే వరస ఇది: 1336 విజయనగర స్థాపన, 1509 కృష్ణదేవరాయల పట్టాభిషేకం, 1565 తళ్లికోట యుద్ధం, 1639 మద్రాసు స్థలం ఈస్టిండియా కంపెనీ చేతికి రావడం, 1757 ప్లాసీ, 1857 తిరుగుబాటు, 1911, 1919, 1947, 1953, 1956, 2014.

ఈ వరసలో 1911 బంగారుగని. ఆ ఏడాది ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడింది. డిసెంబరు 12న ఢిల్లీ దర్బారులో రాజధానిని కలకత్తా నుంచి ఢిల్లీకి మారుస్తున్నట్టు ప్రకటించారు. డిసెంబరు 14న అముండ్‌సెన్ బృందం దక్షిణ ధ్రువం చేరింది. 27న జనగణమన మొదటిసారి వినిపించింది. రసాయనశాస్త్రంలో మేరీ క్యూరీకి రెండో నోబెల్ వచ్చిందీ ఆ ఏడాదే. ఒక్క మేకుకు ఐదు ప్రశ్నలు వేలాడుతున్నాయి. 1954 కూడా ఇలాంటిదే: తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం మొదలైన సంవత్సరం, భారతరత్న మొదటిసారి ఇచ్చిన సంవత్సరం ఒకటే. ఆ తొలి ముగ్గురు రాజాజీ, రాధాకృష్ణన్, సి.వి. రామన్.

1639 మేకు సంగతి కాస్త చెప్పాలి. ఆ ఏడాది చెన్నపట్నం తీరంలో స్థలాన్ని ఇంగ్లీషువాళ్లకు ఇచ్చిన దామర్ల వెంకటాద్రి నాయకుడు, చంద్రగిరి కేంద్రంగా ఏలిన అరవీటి వంశపు రాజుకు సామంతుడు. అందుకే చెన్నై పుట్టుక మీద ప్రశ్న వచ్చినప్పుడు జవాబు చంద్రగిరి దాకా వస్తుంది. ఆ కోటలోని రాజమహల్ ఇప్పుడు పురావస్తు మ్యూజియం. ఒక పూట తిరిగొస్తే నాలుగు వారాలకు సరిపడా ప్రశ్నలు దొరుకుతాయి.

తేదీలు కూడా జంటలుగా పట్టుకోండి. ఆగస్టు 29 గిడుగు రామమూర్తి జయంతి, అందుకే తెలుగు భాషా దినోత్సవం. అదే రోజు ధ్యాన్‌చంద్ జయంతి, అందుకే జాతీయ క్రీడా దినోత్సవం. ఒకటి గుర్తుంటే రెండోది ఊడిపోదు.

నాలుగో అడుగు: అంకెల ప్రశ్నకు అంచనా కట్టడం

"ఎన్ని?" అని అడిగితే తెలియదని వదిలేయడం పెద్ద పొరపాటు. అంకెలకు మించి లెక్కించదగ్గ ప్రశ్న ఇంకోటి లేదు.

అలిపిరి నుంచి తిరుమలకు మెట్లు ఎన్ని? లెక్క తెలియదనుకోండి. తిరుమల సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంది, తిరుపతి పట్నం సుమారు 160 మీటర్ల మీద. తేడా 690 మీటర్లు. ఒక మెట్టు జానెడు, అంటే దాదాపు 20 సెంటీమీటర్లు. 690ని 0.2తో భాగిస్తే 3,450 వస్తుంది. మామూలుగా చెప్పే లెక్క 3,550. అలిపిరి పట్నం కంటే కొంచెం ఎత్తున ఉంది, దారిలో మెట్లు లేని నడకా ఉంది, మెట్లన్నీ ఒకే ఎత్తులో లేవు. ఇన్ని తేడాలున్నా ఒకదాన్నొకటి చెరిపేసుకుని జవాబు దగ్గరికే వచ్చింది. ఆప్షన్లలో 2,000, 3,550, 6,000, 10,000 ఉంటే ఇక గుడ్డిగా పెట్టాల్సిన పనేముంది?

సూర్యుడి వెలుగు భూమికి ఎంతసేపట్లో చేరుతుంది? దూరం 15 కోట్ల కిలోమీటర్లు, వెలుగు వేగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు. 15 కోట్లంటే 1,500 లక్షలు. మూడుతో భాగిస్తే 500 సెకన్లు, అంటే 8 నిమిషాల 20 సెకన్లు. అదే వేగంతో 3 లక్షల 84 వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న చంద్రుడి నుంచి సెకనున్నర కూడా పట్టదు.

ఇక్కడ ఎక్కువగా తప్పేది మిలియన్ల దగ్గర. మిలియన్ అంటే 10 లక్షలు, బిలియన్ అంటే 100 కోట్లు. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన రాతిపొరల్లో పై పొరకూ కింది పొరకూ మధ్య కనిపించే కాలపు ఎడం, భూగర్భ శాస్త్రవేత్తలు జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా చూసేది, సుమారు 800 మిలియన్ ఏళ్లు. దాన్ని 8 కోట్లని రాసేవాళ్లు కోకొల్లలు. సరైన మాట 80 కోట్ల ఏళ్లు. నోట్‌బుక్ అట్ట లోపలే ఈ మార్పిడి రాసి పెట్టుకుంటే గొడవ ఉండదు.

ఐదో అడుగు: నమ్మకానికి మార్కులు

జవాబుకు ఒకటి, లేదంటే సున్నా అన్న లెక్కతో ఆట చప్పగా ఉంటుంది. తెలిసి రాసినవాడూ ఇంకి పింకి పాంకీ వేసినవాడూ ఒక్కటే అయిపోతారు. రెండో గడిలో ప్రతి జవాబు పక్కన "పక్కా", "అనుమానం", "గుడ్డి" అని మూడింట్లో ఒకటి రాయించండి. పక్కా అని రాసి ఒప్పయితే 3, తప్పయితే 4 పోతాయి. అనుమానం ఒప్పయితే 2, తప్పయితే 1 పోతుంది. గుడ్డి జవాబు ఒప్పయితే 1, తప్పయినా ఏమీ పోదు. పదికి పదీ పక్కాగా ఒప్పయితే 30.

అంకెలు ఇలాగే ఎందుకంటే, ఒప్పయ్యే అవకాశం సగం కంటే తక్కువని తోస్తే గుడ్డి అని రాయడమే లాభం, సగానికీ ముప్పాతికకూ మధ్య ఉంటే అనుమానం, ముప్పాతిక దాటితేనే పక్కా. పక్కా తప్పుకు 4కు బదులు 2 మాత్రమే కోస్తే మధ్యలో ఉన్న "అనుమానం" దండగైపోతుంది, అందరూ అటో ఇటో దూకుతారు. కాబట్టి జాలిపడి ఆ 4ను తగ్గించొద్దు.

రెండు నెలలయ్యాక మీ "పక్కా"లన్నీ లెక్కపెట్టండి. నాలుగింట్లో మూడు కూడా ఒప్పు కాకపోతే మీకు ధీమా ఎక్కువ. దాదాపు అన్నీ ఒప్పయితే మీరు అనవసరంగా భయపడుతున్నారు, అనుమానాల్లో కొన్ని పక్కాలోకి మార్చవచ్చు. జీకే ఎంత వచ్చన్నదాని కంటే ఈ లెక్క ఎక్కువ ఆసక్తిగా ఉంటుంది.

ఆరో అడుగు: ఇప్పుడు ఫోను తీయండి

25 నిమిషాలు అయిపోయాక జవాబులు సరిచూసుకోవడం ఆటలో రెండో భాగం. తొందరపడితే ఇక్కడే చెడుతుంది. వెతకగానే పైన పెద్ద అక్షరాల్లో కనపడే ఒక్క లైను కోసం ఆగిపోవద్దు. అది ఏ పేజీలోంచి వచ్చింది, ఆ పేజీ ఎప్పటిది అన్నది చూడాలి. ఒకదాన్ని చూసి ఒకటి కాపీ కొట్టిన పది సైట్లు పది సాక్ష్యాలు కావు, ఒక్కటే సాక్ష్యం. రాకెట్ ప్రయోగాల తేదీలకు ఇస్రో సైటు, జిల్లాల సంగతులకు జిల్లా అధికారిక సైటు, నోబెల్, జ్ఞానపీఠం వంటివాటికి ఇచ్చిన సంస్థల జాబితాలు చూస్తే వాదన అక్కడితో తెగిపోతుంది. చాట్‌బాట్‌ను అడగొచ్చు, కానీ తీర్పు దాని చేతిలో పెట్టొద్దు. ఏ మాటతో వెతకాలో అది బాగా చెబుతుంది, తేదీ తప్పు చెప్పేటప్పుడు కూడా అంతే ధీమాగా చెబుతుంది.

తెలుగులో వెతికేటప్పుడు స్పెల్లింగ్ మార్చి మార్చి చూడండి: మదనపల్లె, మదనపల్లి, తిరుత్తణి, తిరుత్తని. ఒకదానికి ఏమీ రాకపోతే రెండోదానికి వస్తుంది.

సైన్సు ప్రశ్నలకు ఫోను కంటే మంచి చోటు అలిపిరి దగ్గరి ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం. లోలకం, అద్దాలు, గేర్లు చేత్తో కదిపి చూసిన పిల్లలు ఆ ప్రశ్నకు మళ్లీ తప్పు జవాబు రాయరు.

ఏడో అడుగు: తప్పుల పుస్తకం

ఒప్పయినవి రాసుకోవద్దు. తప్పినవీ, గుడ్డిగా కొట్టి ఒప్పయినవీ మాత్రమే నోట్‌బుక్‌లోకి ఎక్కాలి. ఒక్కోటి రెండు లైన్లు. పైన ప్రశ్న, జవాబు. కింద "ఎందుకు తప్పింది": విశేషణం చూడలేదు, కాలం తప్పింది, పాత సమాచారం, లెక్క తప్పింది, అసలే తెలియదు. ఈ ఐదు కారణాల్లో ఏది ఎక్కువసార్లు వస్తుందో నెల తిరిగేసరికి తెలిసిపోతుంది. పెద్దవాళ్లకు సాధారణంగా మూడోది, పిల్లలకు మొదటిది ఎక్కువ.

ఆ పేజీని మర్నాడు ఒకసారి, గురువారం ఒకసారి, వచ్చే ఆదివారం కొత్త ప్రశ్నలకు ముందు ఒకసారి, నెలాఖరుకు ఒకసారి చూడండి. చూడటమంటే చదవడం కాదు, జవాబు చేత్తో మూసి గుర్తు తెచ్చుకోవడం. ఒక్కోసారికి మూడు నిమిషాలు మించదు. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే బస్సులో కాణిపాకం మలుపు వచ్చేలోపు నెల రోజుల తప్పులన్నీ తిరగేయవచ్చు.

మీ వంతు వచ్చినప్పుడు ప్రశ్నలు ఎలా తయారు చేయాలి

పదింటిలో మూడు అందరికీ వచ్చేవి, నాలుగు కాస్త ఆలోచిస్తే వచ్చేవి, రెండు గట్టివి, ఒకటి లెక్క కట్టేది. గట్టివాటితో మొదలుపెడితే చిన్నపిల్లలు మూడో ప్రశ్నకే లేచి వెళ్లిపోతారు. పదీ స్థానికమైతే చుట్టాలొచ్చినప్పుడు ఆట సాగదు, ఒక్కటీ లేకపోతే ఇంట్లో పెద్దవాళ్లకు ఉత్సాహం రాదు. రెండు ఊరివి, రెండు రాష్ట్రానివి, మిగతావి దేశం, ప్రపంచం, సైన్సు, ఆటలు, సినిమా.

ప్రశ్నకు ఒకే జవాబు వచ్చేలా బిగించడం అసలు పనితనం. "కలంకారీకి పేరుపొందిన ఊరు ఏది?" అన్నది వదులు ప్రశ్న. శ్రీకాళహస్తి అన్నా, మచిలీపట్నం అన్నా ఒప్పే. "అచ్చులు వాడకుండా కలంతో చేత్తో గీసే కలంకారీ ఏ ఊరిది?" అంటే శ్రీకాళహస్తి ఒక్కటే మిగులుతుంది. మచిలీపట్నం పద్ధతిలో చెక్క అచ్చులు ముఖ్యం.

మంచి ప్రశ్నలో రెండు మూడు దారులుంటాయి. "వాయులింగ క్షేత్రంగా పేరున్న, స్వర్ణముఖి ఒడ్డున ఉన్న పుణ్యక్షేత్రం ఏది?" అంటే పంచభూత లింగాలు తెలిసిన అమ్మమ్మ అటునుంచి, నదులు తెలిసిన మనవడు ఇటునుంచి శ్రీకాళహస్తికే చేరతారు. అమ్మమ్మను, మనవడిని ఒకే జట్టులో పెట్టడం ఇంకా మేలు. చిత్తూరు, కుప్పం వైపు ఇళ్లలో ఇంకో సౌకర్యం ఉంది: తమిళం, కన్నడం రెండూ చెవిన పడుతుంటాయి. పక్క రాష్ట్రాల నదులు, నటులు, పండగల మీద ప్రశ్నలు వేసినా జనం తడబడరు.

మానేయాల్సినవీ ఉన్నాయి. పొట్టి అక్షరాల పూర్తి పేరు చెప్పమనడం వంటివి ఒకటి మించితే విసుగు. పార్టీలు, కులాల మీద ప్రశ్నలు ఆదివారం మధ్యాహ్నం దాకా లాగుతాయి, అన్నం చల్లారిపోతుంది. "ప్రపంచంలో ఉత్తమ" అన్న మాటతో మొదలయ్యే ప్రశ్నకు జవాబే ఉండదు.

వాదన వచ్చినప్పుడు

వస్తుంది. ముందే మూడు నియమాలు నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి. ప్రశ్న వేసినవాళ్ల మాట ఆ రోజుకు చెల్లుతుంది. అభ్యంతరం ఉన్నవాళ్లు మర్నాటి రాత్రిలోపు నమ్మదగ్గ ఆధారం కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టాలి, నిలబడితే వచ్చే వారం మార్కులు సరిచేస్తారు. పలికితే అర్థమయ్యే స్పెల్లింగ్ ఏదైనా ఒప్పే, కాకపోతే ఇంటిపేరు ఒక్కటే రాస్తే అది ఒకరికే చెందినదై ఉండాలి. "రెడ్డి" అని రాసి నీలం సంజీవరెడ్డి అనుకున్నానంటే కుదరదు.

ప్రశ్నే తప్పని తేలితే దాన్ని రద్దు చేసి ఆ వారం తొమ్మిదింటికే లెక్క వేయండి. అందరికీ మూడేసి మార్కులు పంచొద్దు, గుడ్డి అని నిజాయతీగా రాసినవాళ్లకు అది అన్యాయం. రద్దయిన ప్రశ్నను కొట్టేయకుండా పక్కన పెట్టి, సరిగ్గా బిగించి, నెల తర్వాత మళ్లీ వేయండి. ఏడాదికోసారి, ఉగాదికి కొత్త నోట్‌బుక్ తీసేటప్పుడు, పాతదాంట్లో "ఏ నాటికి?" అని గుర్తు పెట్టిన ప్రశ్నలన్నీ మళ్లీ సరిచూడండి. జిల్లాలు, పదవులు, రికార్డుల జవాబుల్లో మారినవాటిని ఎర్ర సిరాతో కొట్టేసి, కొత్త జవాబు తేదీతో సహా పక్కనే రాయండి.